నొప్పులంట సార్

ఏజెన్సీ ఆరోగ్యం మీద ఏ సమావేశం జరిగినా అవే మాటలు వినిపిస్తాయి. మలేరియా, డెంగీ, రక్తహీనత, సికిల్ సెల్, దవాఖానలో కాన్పులు. ఇవి చిన్న విషయాలని మేము అనడం లేదు. వానాకాలం జ్వరాలకు ఎంతమందిని పోగొట్టుకున్నామో ప్రతి గూడెం చెబుతుంది. కానీ ఈ జాబితాలో లేని జబ్బు మనకు రాదని ఎవరు నిర్ణయించారు? ఆదివాసికి వచ్చేవి దోమ కుట్టి వచ్చేవి, తిండి చాలక వచ్చేవి, పుట్టుకతో రక్తంలో వచ్చేవి మాత్రమేనట. ఏళ్ళ తరబడి గోళీలు వాడుతూ డాక్టరుకు చూపించుకుంటూ ఉండాల్సిన జబ్బులు పట్నం వాళ్ళవట. ఇలా ఒక లెక్క స్థిరపడిపోయింది. ఆ లెక్క తప్పు. ఆ తప్పు వల్ల మన ఆడవాళ్ళ చేతివేళ్ళు వంకర పోతున్నాయి.

మేము మాట్లాడుతున్నది కీళ్ళవాతం గురించి. డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. ముసలితనంలో మోకాళ్ళు అరిగి వచ్చే నొప్పి వేరు, ఇది వేరు. క్రిములు ఒంట్లోకి వస్తే ఎదిరించడానికి మన రక్తంలో ఒక కాపలా ఉంటుంది. ఆ కాపలా దారి తప్పి కీళ్ళ లోపలి మెత్తని పొర మీదే పడుతుంది, ఇంటి కుక్క ఇంటివాళ్ళనే కరవడం మొదలుపెట్టినట్టు. పొర వాస్తుంది. ఆ వాపు నెలల తరబడి తగ్గకపోతే పక్కనున్న మృదులాస్థినీ ఎముకనూ తినడం మొదలుపెడుతుంది. తినేసిన ఎముక మళ్ళీ రాదు. ఇది మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. చాలామందికి సంసారం మోసే వయసులోనే మొదలవుతుంది. మన దేశంలో పెద్దవాళ్ళలో నూటికి ఒకరికంటే తక్కువ మందికే ఉంటుంది. అంతేనా అనుకోకండి. వెయ్యికి ఐదుగురని లెక్క వేసినా 30 వేల మంది పెద్దవాళ్ళున్న మండలంలో 150 మంది అవుతారు. ఆ 150 మందిలో ఎంతమందికి తమ జబ్బు పేరు తెలుసో మీ మండలంలో అడిగి చూడండి.

మనవాళ్ళ నోట వినిపించే పేరు 'వాతం', లేదా ఉత్త 'నొప్పులు'. ఈ రెండు మాటలూ అందరికీ అనుకూలంగా ఉన్నాయి. వాతం అంటే తగ్గేది కాదని ఇంట్లోవాళ్ళు సర్దుకుంటారు. నొప్పులు అంటే నొప్పుల గోళీ ఇచ్చి దవాఖానవాళ్ళు పంపిస్తారు. ఏ నొప్పి, ఎక్కడ, ఎప్పటినుంచి అని అడిగే పని ఎవరికీ ఉండదు.

నిజానికి ఈ జబ్బును మొదట పట్టేది యంత్రం కాదు, ప్రశ్న. పొద్దున లేవగానే వేళ్ళు బిగుసుకుపోతున్నాయా? సడలడానికి ఎంతసేపు పడుతోంది? పది నిమిషాలా, గంటా, పొద్దెక్కేదాకానా? రెండు చేతులకూ ఒకే తీరుగా ఉందా? వేళ్ళ మొదళ్ళలో, నడిమి కణుపుల్లో, మణికట్టులో, కాలివేళ్ళ మొదట్లో వాపు ఉందా? కదిలి పనిచేస్తే కొంచెం నయమై, కూర్చుంటే మళ్ళీ బిగుస్తోందా? ఆరు వారాలు దాటిందా? అరిగిపోయిన మోకాలు పొద్దున కాసేపు బిగిసినా అరగంటలోపే సడలుతుంది, నడిచినకొద్దీ నొస్తుంది. కీళ్ళవాతం దానికి తిరగేసి ఉంటుంది. ముందు గట్టి జ్వరం వచ్చి తర్వాత కీళ్ళు పట్టేస్తే చికున్‌గున్యా కావచ్చు, అది కూడా నెలల తరబడి వేధిస్తుంది. ఇంత తేడా ఉత్త మాటల్లోనే తేలుతుంది. రక్తపరీక్షలు ఆ తర్వాతి సంగతి.

మరి ఆ ప్రశ్నలు ఏ భాషలో అడుగుతున్నారు?

పీహెచ్‌సీలో ఒక గోండు ఆడమనిషో కోలాం ఆడమనిషో తన మాటలో చెబుతుంది. దండారి అయిపోయినప్పటినుంచి పొద్దున చెయ్యి ముడుచుకోవడం లేదని, ఎద్దు పగ్గం విప్పలేకపోతున్నానని, జొన్నరొట్టె తట్టడానికి కూడా బిడ్డను పిలుస్తున్నానని, మధ్యాహ్నానికి కొంచెం నయమని. ఒక్కో ముక్కా జబ్బు గుర్తే. పక్కనున్న కొడుకు అదంతా విని డాక్టరు వైపు తిరిగి, "నొప్పులంట సార్" అంటాడు. అంతే. డాక్టరు మూడు రోజులకు నొప్పుల గోళీ, పది రోజులకు క్యాల్షియం రాస్తాడు. ఆ కొడుకును తప్పుపట్టి లాభం లేదు, దవాఖానలో తెలుగు మాట్లాడుతున్నందుకే వాడికి చెమట పడుతుంది. బయట లైను వాకిలి దాటి ఉంటుంది కాబట్టి డాక్టరునూ ఒక్కణ్ణే అనలేం. కానీ అర్ధగంట చెప్పిన బాధను రెండు మాటలకు కుదించే ఏర్పాటును మనం వైద్యం అని ఎందుకు ఒప్పుకుంటున్నాం?

1940లలోనే మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ ఇప్పించాడు. పిల్లవాడికి అర్థమయ్యే భాషలో చెప్పకపోతే చదువు లేదని నిజాం సర్కారు కాలంలోనే ఒకరికి తోచింది. తర్వాత 2000లో జీవో నంబరు 3 వచ్చింది, షెడ్యూల్డు ప్రాంతాల టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ గాయం మనకు ఇంకా పచ్చిగానే ఉంది, దాని మీద మనం ఇంకా కొట్లాడుతూనే ఉన్నాం. బడిలో మన మాట ఉండాలని అడగడం మనకు వచ్చింది. దవాఖానలో ఉండాలని మాత్రం మన సభల్లో గట్టిగా వినిపించదు. పాఠం అర్థం కాకపోతే పిల్లవాడు మరుసటి ఏడాదైనా నేర్చుకుంటాడు. ఎముక అలా ఆగదు.

పీహెచ్‌సీలో దొరకని ఉపశమనం ఆర్‌ఎంపీ దగ్గర దొరుకుతుంది. ఆయన మీద విరుచుకుపడటం సులువు. కానీ రాత్రి పదింటికి బండి మీద గూడేనికి వచ్చేది ఆయన ఒక్కడే, అప్పు పెట్టేదీ ఆయనే. అందుకని ఆయన చేసేది మంచిదై పోదు. ఆయన వేసే సూదిలో చాలాసార్లు డెక్సామెథాసోన్ వంటి స్టెరాయిడ్ ఉంటుంది. వాపును అణచడంలో దాన్ని మించింది లేదు. పొద్దున సూది వేస్తే సాయంత్రానికి వేళ్ళు ఆడతాయి. దేవుడు అనుకుంటారు. పది పదిహేను రోజులకు మళ్ళీ బిగుస్తాయి, మళ్ళీ సూది. కొన్ని నెలలకు ముఖం గుండ్రంగా నిండుతుంది. ఒళ్ళు చేసిందని చుట్టాలు సంతోషపడతారు కూడా! లోపల మాత్రం ఎముక గుల్లబారుతుంది, చక్కెర పెరుగుతుంది, ఎక్కడో అణగి ఉన్న టీబీ తిరగబడుతుంది. ఇక రోజూ మింగే నొప్పుల గోళీలు, డైక్లోఫెనాక్ లాంటివి, కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ఇన్ని కష్టాలూ పడినా అసలు జబ్బు ఆగిందా అంటే లేదు, నొప్పి తెలియకుండా ఎముకను తింటూనే ఉంటుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. నెలల తరబడి స్టెరాయిడ్ వాడుతున్నవాళ్ళు ఇది చదివి ఒక్కసారిగా మానేయకూడదు, ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. స్పెషలిస్టులు కూడా స్టెరాయిడ్ వాడతారు. అయితే కొద్ది మోతాదులో, కొద్దికాలం, అసలు మందు పనిచేయడం మొదలయ్యేవరకు.

ఇంకో వైపు నుంచి మనల్ని పొగిడేవాళ్ళున్నారు. అడవి మనిషి గట్టివాడు, ఆకు పసరుతోనే అన్నీ నయం చేసుకుంటాడు, మందుల కంపెనీల అవసరం అతనికి లేదు అని వేదికలెక్కి చెబుతారు. తమ వేళ్ళు వాస్తే మాత్రం వాళ్ళు హైదరాబాదు స్పెషలిస్టు దగ్గరకే పోతారు. మన పెద్దల మూలికా జ్ఞానాన్ని మేము చిన్నచూపు చూడం. నూనె కాచి మర్దన చేస్తే, వేడినీళ్ళలో చేతులు పెట్టి కదిలిస్తే బిగుతు సడలుతుంది, అది చేయాల్సిందే. కానీ కీలు లోపల ఎముక అరుగుదల ఆపడం పసరుకు సాధ్యం కాదు. ఈ మాట మన వైద్యులతో మర్యాదగా, ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవాల్సింది మనమే. "రెండు చేతులకూ వాపు ఉండి నెల దాటితే దవాఖానకు కూడా పంపించు కాకా" అంటే వినని పెద్దలు తక్కువ.

మాకు తెలిసిన ఒక చెల్లెకు 34 ఏళ్ళు. ఎండాకాలం తునికాకు ఏరి కట్ట కట్టేది. కట్టకు 50 ఆకులు, ఒకదాని మీద ఒకటి సరిగా పేర్చి నారతో బిగించాలి, అదంతా వేళ్ళ పనే. కార్తీకం నుంచి పత్తి ఏరేది. పత్తికి కూలి కిలో లెక్కన. కాయలోంచి దూదిని లాగేది బొటనవేలూ రెండు వేళ్ళూ. పొద్దున ఆరింటికే చేనులో ఉండాలి, సరిగ్గా ఆమె వేళ్ళు రాయిలా ఉండే సమయం. మొదట కిలోలు తగ్గాయి. తర్వాత ముఠామేస్త్రీ పిలవడం మానేసింది. తర్వాత, బద్ధకం ఎక్కువైందని ఇంట్లోనే మాట పుట్టింది. మూడేళ్ళు సూదులతో గడిచాక అప్పు చేసి పట్నంలో ఒక పెద్ద దవాఖానకు తీసుకుపోతే, ఎక్స్‌రే చూసిన డాక్టరు, "ఇన్ని రోజులు ఏం చేశావమ్మా? ఇంత ఆలస్యంగా వస్తే ఎట్లా?" అని కోప్పడ్డాడట. ఆమె ఏం చేసిందో మేము చెబుతాం. మూడేళ్ళలో పీహెచ్‌సీకి పోయింది, ఆర్‌ఎంపీకి పోయింది, దేవారి దగ్గరకు పోయింది, సికిల్ సెల్ శిబిరంలో రక్తమూ ఇచ్చింది. ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరకు పోయింది. ఆలస్యం చేసింది ఆమె కాదు.

సికిల్ సెల్ మాట వచ్చింది కాబట్టి ఒక విషయం. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన కార్యక్రమం మొదలుపెట్టింది, మన గూడేలలో పరీక్షలు చేస్తున్నారు. మంచిదే, ఎన్నాళ్ళనుంచో అడుగుతున్నదే. సికిల్ సెల్ జబ్బులోనూ ఎముకలు, కీళ్ళు భరించలేనంత నొస్తాయి. కానీ ఒక్క తల్లి నుంచో ఒక్క తండ్రి నుంచో ఆ లక్షణం వచ్చిన క్యారియర్లకు సాధారణంగా ఏ బాధా ఉండదు. క్యారియర్ కార్డు చేతిలో ఉన్నందుకు ఆమె ప్రతి నొప్పినీ దాని ఖాతాలో వేస్తే ఇంకో జబ్బు దాని వెనక దాక్కుంటుంది. ఆదివాసికి ఒకేసారి రెండు సంగతులు ఉండకూడదా?

పరీక్షల గురించి కూడా తెలుసుకుని ఉండాలి, లేకపోతే కాగితం చూపి భయపెడతారు. ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ అనేవి ఒంట్లో వాపు ఎంత ఉందో చెబుతాయి, ఏ జబ్బో చెప్పవు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అనే పరీక్ష జబ్బున్న ఐదుగురిలో దాదాపు ఒకరికి నెగటివ్ వస్తుంది. జబ్బు లేని ముసలివాళ్ళలోనూ, టీబీ ఉన్నవాళ్ళలోనూ పాజిటివ్ రావచ్చు. యాంటీ సీసీపీ ఇంకొంచెం నమ్మదగింది. మొదటి నెలల్లో ఎక్స్‌రే మామూలుగానే ఉంటుంది. అంటే ఏ ఒక్క కాగితమూ తీర్పు చెప్పదు. వాచిన కీళ్ళను వేలితో నొక్కి చూసి, మాట విని, కాగితాలు చూసి డాక్టరే చెప్పాలి. "ఆర్‌ఏ నెగటివ్, నీకేం లేదు పో" అన్నవాళ్ళతో వాదించే ధైర్యం మన చదువుకున్న పిల్లలకు ఉండాలి.

మందు ఉంది. ఇదే అన్నిటికంటే కోపం తెప్పించే సంగతి. మెథోట్రెక్సేట్ అనే గోళీ 1980ల నుంచి ఈ జబ్బుకు వాడుకలో ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో కీళ్ళవాతం కింద దాని పేరు ఉంది. దానికి తోడుగా హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇస్తారు. అది మనం మలేరియాకు మింగిన క్లోరోక్విన్‌కు దగ్గరి చుట్టమే. మొదటి నెలల్లోనే మొదలుపెడితే చాలామందికి జబ్బు అణగిపోతుంది, చేతులు చేతుల్లా ఉంటాయి. పూర్తిగా పోతుందని అనడం లేదు, చక్కెర జబ్బులాగే దీనితోనూ కాపురం చేయాలి. కానీ చెయ్యి వంకర పోవాల్సిన పని లేదు.

ఈ మందులో ఒక ప్రమాదం ఉంది, దాన్ని టీచర్లూ ఆశాలూ గుండెల్లో పెట్టుకోవాలి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే మింగాలి. రోజూ కాదు. చదువు రానివాళ్ళు మిగతా గోళీల్లాగే రోజూ మింగితే రక్తకణాలు పడిపోయి చనిపోయే ప్రమాదం ఉంది. అందుకని ఇంట్లో చదివే పిల్లను కూర్చోబెట్టి క్యాలెండరులో ఒక వారాన్ని, అంగడి రోజునో ఇంకో రోజునో, గుర్తు పెట్టించాలి. వేరే రోజు డాక్టరు చెప్పినట్టు ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలి. పనిచేయడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, సూదిలా సాయంత్రానికే తేడా తెలియదు. పదిహేను రోజులకే మానేసేది ఈ సంగతి చెప్పేవాళ్ళు లేకనే. కాలేయం, రక్తకణాలు, కిడ్నీల పరీక్ష మొదట్లో తరచుగా, తర్వాత రెండు మూడు నెలలకొకసారి ఉండాలి. ఇప్పసారా పడదు, కాలేయం మీద దెబ్బ మీద దెబ్బ అవుతుంది. పూజలో తప్పదంటే పెద్దలు నేల మీద ధార వదిలి, నాలుకకు తాకించకుండా దండం పెట్టించే మర్యాద చూడాలి. కడుపుతో ఉన్నవాళ్ళు, పిల్లలు కావాలనుకునేవాళ్ళు ఈ గోళీ వాడకూడదు, ముందే డాక్టరుకు చెబితే వేరే మందుకు మారుస్తారు. బీడీ, చుట్ట తాగేవాళ్ళకు ఈ జబ్బు వచ్చే అవకాశమూ, ముదిరే అవకాశమూ ఎక్కువ.

ఇక సర్కారు లెక్క చూడండి. మెథోట్రెక్సేట్‌కు నెలకు కొన్ని వందల రూపాయలు దాటవు. అది మన పీహెచ్‌సీ అల్మారాలో కనబడదు. ఆరోగ్యశ్రీ కార్డు ముఖ్యంగా దవాఖానలో చేరినవాళ్ళకు అక్కరకొచ్చేది, నెలనెలా వాడే గోళీలకు దాన్ని చూపితే పని జరగదు. రుమటాలజీ విభాగం ఉన్న నిమ్స్ హైదరాబాదులో, మనకు దాదాపు 300 కిలోమీటర్ల దూరంలో. ఇద్దరి చార్జీలు, రెండు రోజుల కూలి పోను మందు కొనే డబ్బు మిగలదు. అన్నీ అయి, వేళ్ళు పక్కకు ఒరిగిపోయాక, సదరం శిబిరంలో 40 శాతం వైకల్యం అని రాయించుకోగలిగితే నెలకు 4,016 రూపాయల పింఛను. చెయ్యి పోయాక నాలుగు వేలు ఇస్తారట, పోకుండా కాపాడే నాలుగు వందల గోళీ ఇవ్వరట. పింఛను వద్దని మేము అనడం లేదు, పోయిన చేతులకు అది హక్కే. కానీ ఇది బడ్జెట్ లేక జరుగుతున్నదని ఎవరైనా అంటే ఈ రెండు అంకెలూ వాళ్ళ ముందు పెట్టండి.

ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే టీచర్లకు ప్రత్యేకంగా. పదహారేళ్ళలోపు పిల్లలకూ ఈ తరహా జబ్బు వస్తుంది. ప్రార్థనకు రోజూ ఆలస్యంగా వచ్చే పిల్ల, నేల మీద కూర్చుంటే లేవలేని పిల్ల, మొదటి పీరియడ్‌లో పలక పట్టలేక మధ్యాహ్నం గంతులేసే పిల్ల, వీళ్ళందరికీ బద్ధకం అనే పేరు పెట్టడం మన వృత్తిలో అలవాటు. ఒక కీలు వాచి ఆరు వారాలు దాటితే అది బద్ధకం కాదు. గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు జ్వరంతో పాటు నొప్పి ఒక కీలు నుంచి ఇంకో కీలుకు మారుతూ పోతే అది ఇంకా తొందరపడాల్సిన సంగతి. రుమాటిక్ జ్వరం కావచ్చు, గుండె కవాటాలను పాడుచేస్తుంది. అలాంటి పిల్లను ఇంటికి పంపించేసి హాజరు కొట్టేయకండి, ఏఎన్‌ఎంను వెంటబెట్టి ఆ వారమే దవాఖానకు పంపండి.

అడగాల్సినవి పెద్ద కోరికలేం కావు. ఉట్నూరులాంటి చోట నెలకొక రోజు కీళ్ళ జబ్బుల స్పెషలిస్టు కూర్చోవాలి. ఒకసారి జబ్బు ఖాయమయ్యాక ప్రతి నెలా హైదరాబాదు పోకుండా ఈ-సంజీవని వీడియోలో అదే డాక్టరు చూడాలి. మెథోట్రెక్సేట్, ఫోలిక్ యాసిడ్, హైడ్రాక్సీక్లోరోక్విన్ పీహెచ్‌సీలో నెలనెలా ఇవ్వాలి. పీహెచ్‌సీలో రక్తం తీసి జిల్లా కేంద్రానికి పంపే బండి ఇప్పటికే తిరుగుతోంది, ఈ రోగుల సీసాలు కూడా అందులోనే పోవచ్చు. ప్రతి పెద్ద దవాఖాన ఓపీలో గోండి, కోలామి తెలిసిన ఒక మనిషి జీతం మీద ఉండాలి, రోగి కొడుకు కాదు. మన డిగ్రీ పిల్లలు ఎంతమంది ఖాళీగా ఉన్నారో ఐటీడీఏకు తెలియనిది కాదు.

ప్రజావాణి సోమవారం జరుగుతుంది. ఉత్త దరఖాస్తు ఇస్తే పరిశీలిస్తాం అంటారు, కాబట్టి ఒక పట్టిక కూడా జతచేయండి. సెలవుల్లో ఇంటికి వచ్చిన కాలేజీ పిల్లలు గూడెంలో ఇల్లిల్లూ తిరిగి, మన మాటలోనే అడిగి రాయాలి. వయసెంత, పొద్దున వేళ్ళు ఎంతసేపు బిగుసుకుంటున్నాయి, ఒక చేతికా రెండు చేతులకా, ఎన్ని నెలల నుంచి, ఇప్పటిదాకా ఎన్ని సూదులు, ఎంత ఖర్చు. పేర్లు పట్టికలో రాయకండి, పేర్ల కాగితం ఆశా కార్యకర్త దగ్గర విడిగా ఉండాలి. పిడికిలి బిగించమని అడిగి, బిగించలేకపోతే అది కూడా రాయండి. రెండు కాపీలు తీయండి. ఒకటి కలెక్టరేటులో, ఒకటి ఐటీడీఏ పీఓ ఆఫీసులో ఇచ్చి, రెండు చోట్లా తేదీ వేయించి రసీదు తీసుకోండి.